కలం ఎత్తండి

వెంకటేశ్వర్లు కలంకారీ కొట్టంలో ఎవరి నోటికీ తాళం ఉండదు. నవ్వుకోవచ్చు, ఊళ్లోవాళ్ల మీద చాడీలు చెప్పుకోవచ్చు, పాట వస్తే పాడుకోవచ్చు. ఒక్క కట్టుబాటు మాత్రం ఉంది. తుమ్ము వస్తున్నా, దగ్గు ఆగకపోయినా, ఎవరైనా బల్లకు తగిలేటట్టున్నా ముందుగా "కలం ఎత్తండి" అని అరవాలి. ఆ మాట వినపడగానే అందరూ చేతిలోని వెదురు కలాలను గుడ్డ మీది నుంచి పైకి లేపుతారు. కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ అది. దాని మీద బెల్లంలో ఇనుప తుక్కు ఊరబెట్టిన నలుపు ఒకసారి పడిందంటే ఇక పోయేది కాదు. స్వర్ణముఖి ఏట్లో వేసి ఎంత ఉతికితే అంత ముదురుతుంది.

ఆ రోజు ఎవరూ తుమ్మలేదు. మునెమ్మ ఫోను మోగింది.

ఆమె అమ్మవారి చెంప గీత దిద్దుతూ ఉంది. కలానికి చుట్టిన ఉన్నిని బొటనవేలితో ఎంత నొక్కితే అంత నలుపు దిగుతుంది. గీత సన్నంగా రావాలంటే వేలు అక్కడ ఉందా లేదా అన్నట్టుండాలి. ఫోను చప్పుడుకు ఆమె ఒళ్లు ఉలిక్కిపడింది. వేలు ఉన్నిని పిండేసింది. కందిగింజంత నలుపు అమ్మవారి చెంప మీద పడి, చూస్తుండగానే రూపాయి బిళ్లంత అయింది.

"అక్కా, కలం..." అంది పక్కనున్న స్టెల్లా. అప్పటికే ఆలస్యమైపోయింది.

మునెమ్మ ఎడమ చేత్తో ఫోను చెవికి పెట్టుకుంది. అవతల చెంగయ్య, ఆమె మొగుడు. పక్షవాతం వచ్చి కుడి వైపు మొత్తం పడిపోయిన మనిషి.

"మే... కాలికి చీమలు పట్టినాయి. చెయ్యి ఆడిదాకా అందలే."

"చీమలకు గూడా ఫోను చేస్తావా? ఈడ నా కొంప మునిగిపోయింది!"

కొట్టమంతా విన్నది. ఎవరో కిసుక్కుమన్నారు. వెంకటేశ్వర్లు లేచి వచ్చి మచ్చ వంక చూశాడు. కేకలు వేయలేదు. వేసినా బాగుండేది. గుడ్డను నెమ్మదిగా నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నాడు.

"మునెమ్మా, నీ చెయ్యి బంగారం. నేను లేదనను. అయితే ఈ కొట్టంలోకి నువ్వు ఒక్కదానివే రావల్ల తల్లీ. మొగుణ్ణి సంచిలో పెట్టుకోని రావద్దు."

అందరూ నవ్వారు. మునెమ్మ కూడా నవ్వింది. చెవులు మాత్రం మండిపోతున్నాయి. ఇంటికి పోయేదాకా ఆ మంట తగ్గలేదు. చీమలు కుట్టిన మొగుడి కాలికి వడివడిగా కొబ్బరినూనె రాసి లేచింది.

మర్నాడు అతన్ని ఆస్పత్రికి తీసుకుపోయి తిరిగి వస్తున్నప్పుడు సెల్‌ఫోన్ల అంగడి ముందు ఆటో ఆపించింది. చెంగయ్య ఫోను పౌచ్ చిరిగిపోయింది. ఆ పౌచ్ మూల ఉన్న రంధ్రంలో తాడు దూర్చి ఫోనును అతని మెడలో వేలాడదీస్తారు. అది లేకపోతే ఫోను చేతిలో నిలవదు. ఆటోలో చెంగయ్య తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుని ఉన్నాడు.

"ఈ ఫోనుకు ఇదొకటే ఉండాదక్కా," అంటూ అంగడిలో పనిచేసే నిస్సీ ఒక నల్లటి రబ్బరు పౌచ్ తొడిగి ఇచ్చింది. "మందం ఎక్కువ. కింద పడినా ఏం కాదు. అయితే పక్క బటన్ రోంత గట్టిగా ఉండాది. సూడు ఒకసారి. అన్నకు ఆ బటనే గదా పని?"

ఆ బటనే. దాన్ని వరసగా టకటకా నొక్కితే మునెమ్మ ఫోను మోగేటట్టు నిస్సీయే అప్పట్లో అమర్చి పెట్టింది. అంకెలు చూసి నొక్కడం చెంగయ్యకు చేతకాదు. అతని ఎడమ చెయ్యి కదులుతుంది గానీ, ఏళ్ల తరబడి ఏట్లో తడి కలంకారీ గుడ్డలు పిండి పిండి దాని కణుపులు కూడా వాచిపోయి ఉన్నాయి.

మునెమ్మ బటన్ నొక్కి చూసింది. రబ్బరు లోపలికి పోలేదు. బొటనవేలి గోరు తెల్లబడేదాకా నొక్కితే అప్పుడు లోపల ఎక్కడో కిటుక్కుమంది. మళ్లీ నొక్కింది. ఆమె వేలికే ఇంత బలం కావలసి వచ్చింది.

"రెండు దినాలు ఆగితే వేరేది తెప్పిస్తానక్కా," అంది నిస్సీ.

అమ్మవారి చెంప మీద నలుపు పరుచుకోవడం మునెమ్మ కళ్ల ముందు కదిలింది. నాలుగు మడతలు పడిన గుడ్డ కదిలింది.

"వద్దులే పాపా. గట్టిగా ఉంటేనే మేలు," అంది.

అని ఆటో వైపు చూసింది. చెంగయ్య కళ్లు మూసుకునే ఉన్నాడు.

ఆ తరువాత కొట్టంలో ఆమె ఫోను మోగలేదు. మొదటి రోజు ఒకటికి పదిసార్లు సంచి వంక చూసింది. రెండో రోజు చూడడం తగ్గింది. ఆ తరువాత సంచిని తీసుకుపోయి గోడకున్న చిలక్కొయ్యకు తగిలించింది. చేతికి పూర్వపు నిదానం తిరిగి వచ్చింది. చింతబొగ్గుతో వేసిన గీతల మీద నలుపు సన్నగా, వణుకు లేకుండా పాకింది. వెంకటేశ్వర్లు ఆమె వెనక నిలబడి చూసి పోయి, పెద్ద గుడ్డ ఒకటి తెచ్చి ఆమె ముందు పరిచాడు.

"దీంట్లో అమ్మవారికి కండ్లు నువ్వే తెరవల్ల," అన్నాడు.

ఆ కొట్టంలో బొమ్మ అంతా అయిపోయాక ఆఖరున కళ్లు దిద్దుతారు. ఆ పని అందరికీ ఇవ్వరు. కళ్లు దిద్దే మనిషి ఆ పూట తలస్నానం చేసి వస్తుంది. చుట్టుపక్కల వాళ్లు ఆమెతో పరాచికాలాడరు.

"మామ ఎట్లుండాడక్కా? ఈ మధ్య ఫోనే లేదే?" అని అడిగింది స్టెల్లా.

"మేలుగా ఉండాడు. ఒంట్లోకి రోంత బలం వచ్చింది. ఆయన పనులు ఆయనే చేసుకుంటాండాడు," అంది మునెమ్మ.

నోటినుంచి ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో చూసి ఆమెకే వింతగా అనిపించింది. కలం నలుపులో ముంచి తల వంచుకుంది.

ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి పక్కింటి దేవకమ్మ వాకిట్లో నిలబడి చెంగయ్య లుంగీ పిండుతూ ఉంది. దేవకమ్మ వీధిలో అందరికీ జాకెట్లు కుడుతుంది. ఆమె మిషన్ చప్పుడు ఆగిందంటే ఎక్కడో ఏదో జరిగిందని అర్థం.

"ఏందక్కా ఇది, నువ్వెందుకు..." అని మునెమ్మ లుంగీ లాక్కోబోయింది.

"ఇంకెవరు సేస్తారు మే? దావన పోతా పోతా కిటికీలోంచి సూస్తే మనిషి తడిలో కూసోని ఉండాడు. ఎప్పట్నుంచో ఏమో. మార్చేటప్పుడు కండ్లు మూసుకున్నాడు పాపం, పెండ్లికూతురు మాదిరి." దేవకమ్మ గొంతు తగ్గించింది. "ఆ బటన్ నొక్కి నొక్కి ఏలు కందిపోయిండాది. నీ ఫోను పని సేస్తాందా లేదా?"

లోపల మంచం మీద చెంగయ్య గోడ వైపు తిరిగి ఉన్నాడు. పరాయి ఆడమనిషి బట్టలు మార్చిన మనిషి. మునెమ్మకు ఎక్కడ చూడాలో తెలియలేదు. దేవకమ్మ గడపలో నిలబడి చూస్తోంది. ఆ చూపు నుంచి తప్పించుకోవడానికి మునెమ్మ గొంతు పెంచింది.

"నా ఫోనుకేమీ కాలే. ఎంత సెప్పినా గట్టిగా నొక్కడు. సిన్నబిడ్డ గూడా నొక్కుతాది, ఈయనకు సేత కాదు!"

చెంగయ్య నెమ్మదిగా ఇటు తిరిగాడు. ఆమె వైపు చూడలేదు, దేవకమ్మ వైపు చూశాడు.

"అవును దేవకమ్మా," అన్నాడు. "నాకే బలం సాలలే. ఆమెనేమీ అనొద్దు."

దేవకమ్మ వెళ్లిపోయాక మునెమ్మ అన్నం కలిపి తెచ్చింది. ముద్ద అందుకోవడానికి అతను ఎడమ చెయ్యి చాచినప్పుడు బొటనవేలు కనిపించింది. కణుపు కింద బటన్ ఆకారంలోనే, కోలగా, ఎర్రగా కమిలిపోయి ఉంది. ముద్ర వేసినట్టుంది. ఆ వేలు మీద ఆమె అన్నం ముద్ద పెట్టలేకపోయింది. తనే నోటికి అందించింది.

ఆదివారం కొట్టానికి సెలవు. మునెమ్మ పౌచ్ ఊడదీసి వాకిట్లో వెలుతురులో కూర్చుంది. కలాలు చెక్కే చిన్న కత్తి తెచ్చుకుంది. బటన్ ఉన్నచోట పౌచ్‌కు బయట ఒక బుడిపె ఉంది. ఆమెకు తెలిసిన విద్య ఒకటే, చెక్కడం. వెదురు మొన చెక్కితే కలం తేలికగా నడుస్తుంది. అదే లెక్కన బుడిపెను పొరలు పొరలుగా చెక్కి చదును చేసింది. తొడిగి నొక్కి చూస్తే ముందుకన్నా కష్టమయింది. ఇప్పుడు వేలికి బటన్ ఎక్కడుందో కూడా తెలియడం లేదు.

దేవకమ్మ గోడ మీదుగా తొంగిచూసి పకపకా నవ్వింది.

"ఏందిమే ఇది? ఉండే ముక్కు గూడా కోసేసినావే! జాకెట్ సంక దగ్గిర పట్టేస్తే యాడ ఇప్పుతాం? గుండీ కోస్తామా? సుట్టూ బిగువుండేది ఇప్పల్ల."

"సుట్టూ అంటే?"

"దాన్ని పట్టుకోనుండేది ఏందో సూసి, దాన్ని వదులు సెయ్యి."

మునెమ్మ పౌచ్‌ను వేళ్ల మధ్య వంచి చూసింది. నిజమే. బటన్ దగ్గర రబ్బరు ఒక్కటే లోపలికి పోవాలని చూస్తుంటే చుట్టూ ఉన్న మందమంతా దాన్ని వెనక్కి లాగుతోంది. గడ్డం గీసుకునే బ్లేడును సగానికి విరిచింది. బటన్‌కు పైన ఒక గాటు, కింద ఒక గాటు పెట్టింది. ఒక పక్క నిలువునా కోసి, రెండో పక్క వదిలేసింది. ఇప్పుడది తలుపు రెక్కలా ఒక వైపే అంటుకుని ఉంది. రెక్క అంటుకున్న చోట పౌచ్‌ను లోపలి వైపు పైకి వచ్చేటట్టు తిరగేసి, కత్తిమొనతో ఉల్లిపొరంత ఉల్లిపొరంత గీకింది. మరీ గీకితే తెగిపోతుంది. గీకడం, వెలుతురుకు పట్టడం, వంచడం, మళ్లీ గీకడం. చెక్కిన తుక్కు ఒళ్లో నల్లగా రాలింది.

వేలికి ఆనవాలు కావాలి. ఒక చింతగింజ పగలగొట్టి, బద్దను బండ మీద పెసరగింజంత అయ్యేదాకా అరగదీసి, రెక్క మీద గమ్‌తో అతికించింది.

పౌచ్‌ను ఫోనుకు తొడిగి, ముందు తన కుడి బొటనవేలితో నొక్కింది. అది లెక్కలోకి రాదు. ఎడమ చేతి చిటికెనవేలితో నొక్కింది. కిటుక్కుమంది. వేలు వంచి కణుపుతో నొక్కింది. కిటుక్కుమంది. ఇంట్లో గూటిలో ఉన్న ఆమె ఫోను మోగడం మొదలుపెట్టింది.

పొద్దున తాగిన కాఫీ గ్లాసు ఇంకా పక్కనే ఉంది. ఎండ గడప దాకా కూడా రాలేదు. పని ఇంతే. దేవకమ్మను పౌచ్ కొన్న రోజే అడిగి ఉంటే ఆ రోజే అయిపోయేది. కత్తి ఉంది, చెయ్యి ఉంది. లేనిదేమిటో ఆమెకు తెలుసు. ఒళ్లోని తుక్కు దులుపుకోవడానికి లేచింది గానీ వెంటనే లోపలికి పోలేకపోయింది.

ఫోను మళ్లీ అతని మెడలో వేసింది. చెంగయ్య చింతగింజను బొటనవేలితో తడిమి, టకటకా నొక్కాడు. గూట్లో ఫోను మోగింది. అది ఆగేదాకా ఇద్దరూ వింటూ ఉన్నారు.

"మెత్తగా ఉండాది," అన్నాడతను.

"ఇంక ఎప్పుడు కావాలన్నా నొక్కు."

అతను తల ఊపాడు.

సోమవారం మునెమ్మ తలస్నానం చేసి కొట్టానికి పోయింది. ఆ రోజే కళ్లు దిద్దాలి. సంచి చిలక్కొయ్యకు తగిలించలేదు, ఫోనును తీసి మోకాలి పక్కన పెట్టుకుంది. ముందుగా కిరీటంలో మిగిలిన గీతలు పూర్తి చేసింది. మధ్య మధ్య ఫోను వంక చూస్తూనే ఉంది. అది మోగలేదు.

"ఎవరికోసమక్కా అన్ని తూర్లు సూస్తాండావు?" అంది స్టెల్లా. "మామ బాగుండాడంటివే?"

మునెమ్మ ఫోనును ఇంకా దగ్గరికి జరుపుకుంది. అన్నాల వేళ దాటింది. అయినా మోగలేదు. ముందు రోజుల్లో మోగకపోతే చేతికి నిదానం వచ్చేది, ఇప్పుడు మోగకపోతే గీత నిలవడం లేదు. వెంకటేశ్వర్లు వచ్చి, "ఇంక కండ్లు తెరువు తల్లీ," అన్నాడు. ఆమె కలం నలుపులో ముంచింది. అమ్మవారి ముఖం మీదికి తెచ్చింది. వెనక్కి తీసుకుంది.

"అన్నా, ఒక అడుగు ఇంటికి పోయొస్తా."

"ఫోను గూడా రాలేదు గదమ్మా ఈ పొద్దు!"

"అందుకే," అని చెప్పులేసుకుంది.

ఇంట్లో చెంగయ్య మంచం మీద కూర్చునే ఉన్నాడు. లుంగీ తడిసి ఉంది, కింద బండ మీద తడి పారి ఆరిపోవడం కూడా మొదలైంది. చింతగింజ బటన్ ఉన్న ఫోను మెడలో వేలాడుతోంది. ఆమె గబగబా దాన్ని తీసి చూసింది. రెక్క ఊడలేదు. గింజ ఊడలేదు. చిటికెనవేలితో టకటకా నొక్కితే సంచిలో తన ఫోను మోగింది.

"పని సేస్తాంది గదయ్యా. నొక్కలేదా?"

"లేదు."

"ఎందుకని?"

అతను కిటికీ వైపు చూశాడు.

"ఈ పొద్దు కండ్లు దిద్దల్ల గదా నువ్వు. మోగితే ఉలిక్కిపడతావు."

"అయితే మాత్రం? ఇట్ల తడిలో..."

"ఆ పొద్దు ఆటో అంగడి వాకిట్లోనే గదా నిలబెట్టినాడు," అన్నాడు చెంగయ్య. అతని గొంతులో కోపం లేదు. "నేను నిద్రపోలే. గట్టిగా ఉంటేనే మేలంటివి. సరే, నీకు మేలైతే అట్లనే ఉండనీలే అనుకున్నా. ఆ దినం ఓర్సుకోలేక నొక్కినా గానీ, దేవకమ్మ దగ్గిర నీకు తలవంపులైపోయె."

దేవకమ్మ ముందు "నాకే బలం సాలలే" అన్నప్పుడు కూడా ఇతనికి అంతా తెలుసు. తెలిసే ఆమెను కాపాడాడు. సిన్నబిడ్డ గూడా నొక్కుతాదని తాను అరిచిన అరుపు ఇప్పుడు తన చెవుల్లోనే మోగింది.

ఆమె నీళ్లు కాచింది. లుంగీ విప్పి, తుడిచి, పొడి బట్ట కట్టింది. ఈసారి అతను కళ్లు మూసుకోలేదు. ఆమే అతని ముఖంలోకి చూడలేకపోయింది. అతని పాదాల దగ్గర బండ తుడుస్తూ, తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడుస్తూ చాలాసేపు ఉండిపోయింది.

"సాల్లే మే," అన్నాడు చెంగయ్య. "బండ అరిగిపోతాది."

ఆ రోజు ఆమె తిరిగి కొట్టానికి పోలేదు. మర్నాడు పొద్దున్నే పోయి వెంకటేశ్వర్లు ముందు నిలబడింది.

"అన్నా, కండ్లు స్టెల్లాతో దిద్దించుకో. నాకు రంగులు నింపే పని ఇయ్యి."

"ఏం మాట్లాడతాండావు తల్లీ? రంగు నింపేదానికి కొత్తోళ్లుండారు. నీ చెయ్యి..."

"నా చెయ్యి ఎప్పుడన్నా ఉలిక్కిపడతాది. ఫోను మోగితే లేస్తా, ఇంటికి పోతా. నేను మొగుణ్ణి సంచిలో పెట్టుకోనే వస్తానన్నా. ఇష్టమైతే ఉండమను, లేకపోతే లేదు."

అందరూ వింటున్నారు. ఆమె స్టెల్లా వైపు తిరిగింది. "ఆయనకు బాగైపోయిందని నీకు సెప్పినా గదా. అబద్ధం. ఫోను మోగకుండా నేనే సేసుకున్నా."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆమెకు కొంచెం తేలికగా ఉండేది. వెంకటేశ్వర్లు గడ్డం గోక్కున్నాడు. తరువాత చిన్న గుడ్డ ఒకటి తెచ్చి తలుపు దగ్గర, కొత్తగా చేరినవాళ్లు కూర్చునే చోట పరిచాడు. మునెమ్మ అక్కడ కూర్చుని ఆకుల్లో పచ్చరంగు నింపడం మొదలుపెట్టింది. ఫోనును రంగుచిప్ప పక్కన, అందరికీ కనిపించేటట్టు పెట్టింది. శబ్దం పూర్తిగా పెంచింది.

అటువైపు పెద్ద బల్ల మీద స్టెల్లా అమ్మవారి కంటి మీదికి కలం తెచ్చింది. కొట్టంలో చప్పుడు లేదు.

అప్పుడు ఫోను మోగింది.

"కలం ఎత్తండి!" స్టెల్లాయే అరిచింది.

కొట్టంలో ఉన్న కలాలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. మొనల చివర నల్లటి చుక్కలు నిలిచి వేలాడుతున్నాయి. ఆ చేతుల మధ్య, ఆ చూపుల మధ్య మునెమ్మ ఫోను చెవికి పెట్టుకుంది.

"ఏమయ్యా?"

అవతల ఊపిరి చప్పుడు. అడగడానికి ఇంకా వెనకాడుతున్నట్టుంది.

"మే..." అన్నాడు చెంగయ్య. "రా."

"వస్తాండా," అని, వేళ్లకంటిన రంగు తుడుచుకోకుండానే మునెమ్మ లేచింది. ఆమె గడప దాటేదాకా ఒక్కరూ కలం దించలేదు.